రేపటి మీద అప్పు: కాగితాలు లేని వలసదారులు, అమెరికా బ్యాంకులు



ఎవరి స్మృతిలో ఇక్కడ కూడామో ఆయన ఉద్యోగమంతా పల్లెటూరి బ్యాంకు శాఖల్లోనే గడిచింది. అప్పు కోసం వచ్చిన మనిషిని ఆయన మొదట అడిగే ప్రశ్న ఆస్తి గురించి ఉండేది కాదు. ఇంతకు ముందు ఎవరి దగ్గర తీసుకున్నావు, ఎలా తీర్చావు అని అడిగేవారు. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం తెప్పించి తిరగేసేవారు. ఇటుక బట్టీల్లో పనికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలకు పొదుపు ఖాతా తెరవాలంటే ఆ రోజుల్లో పాత ఖాతాదారు ఎవరైనా పరిచయ సంతకం పెట్టాలి. ఊరుకాని ఊళ్లో వాళ్లకు ఎవరు పెడతారు? బట్టీ ఎదుట టీ కొట్టు నడిపే మనిషిని పిలిపించి, “వీళ్లు నీకు బాకీ ఎగ్గొట్టారా?” అని అడిగి, లేదంటే ఆయన చేతే సంతకం పెట్టించారని తోటి ఉద్యోగులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ప్రశ్న విలువేమిటో చూడటానికి ఇవాళ అమెరికా దాకా వెళదాం. అక్కడ నివసించే చట్టబద్ధ అనుమతి లేని వలసదారులకు బ్యాంకులు అప్పు ఇవ్వవచ్చా, ఇవ్వాలా, ఇస్తే ఏ ధరకు ఇవ్వాలి అన్నది నా విషయం.

2007 ఫిబ్రవరిలో ఒక వార్త ఆ దేశంలో దుమారం లేపింది. బ్యాంక్ ఆఫ్ అమెరికా లాస్ ఏంజెలస్ కౌంటీలోని 51 శాఖల్లో ఒక క్రెడిట్ కార్డును ప్రయోగాత్మకంగా ఇస్తోందని వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. దానికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరు అక్కర్లేదు. క్రెడిట్ హిస్టరీ అక్కర్లేదు. ఆ బ్యాంకులో మూడు నెలలుగా ఖాతా ఉండి, ఉన్న డబ్బుకు మించి ఒక్కసారి కూడా వాడకుండా ఉంటే చాలు. పరిమితి చిన్నది, వడ్డీ మాత్రం 21 శాతం పైన. ఎవరి కోసమని బ్యాంకు పైకి చెప్పకపోయినా అందరికీ అర్థమైంది. రేడియోల్లో తిట్లు, కాంగ్రెస్ సభ్యుల ఖండనలు, ఖాతాలు మూసేయమని పిలుపులు. బ్యాంకు అధిపతి కెనెత్ లూయిస్ అదే పత్రికలో వ్యాసం రాసి సమర్థించుకోవలసి వచ్చింది.

ఆ గొడవలో ఎక్కువమంది తలచుకోని సంగతి ఒకటుంది. బ్యాంక్ ఆఫ్ అమెరికా పుట్టిందే వలసదారుల బ్యాంకుగా. ఇటలీ నుంచి వచ్చిన దంపతులకు శాన్ హోసేలో పుట్టిన అమెడియో పీటర్ జియానీని 1904లో శాన్ ఫ్రాన్సిస్కోలోని నార్త్ బీచ్ పేటలో, అంతకు ముందు సారా దుకాణంగా ఉన్న చోట, బ్యాంక్ ఆఫ్ ఇటలీ తెరిచాడు. అప్పటి బ్యాంకుల గడప తొక్కే ధైర్యం చేపలు పట్టేవాళ్లకు, కూరగాయలు అమ్మేవాళ్లకు ఉండేది కాదు. ఈయనే వాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్ల భాషలో మాట్లాడి, పరుపుల కింద దాచుకున్న డబ్బు బ్యాంకులో వేయించాడు. 1906 ఏప్రిల్‌లో భూకంపం వచ్చి, వెంటనే మంటలు నగరాన్ని కాల్చేశాయి. మంటలు తన బ్యాంకును తాకకముందే నగదును పళ్ల బండిలో నారింజల కింద దాచి ఊరు దాటించాడు. పెద్ద బ్యాంకుల ఇనప్పెట్టెలు ఇంకా నిప్పుల్లా కాలుతూ తెరవడానికి వీల్లేకుండా ఉంటే, ఈయన రేవు దగ్గర రెండు పీపాల మీద పలక వేసుకుని అప్పులివ్వడం మొదలుపెట్టాడు. ఏం చూసి ఇచ్చాడు? దస్తావేజులు కాలిపోయాయి. జనన రికార్డులు కూడా బూడిదయ్యాయి. ఆ కొద్దినాళ్లు శాన్ ఫ్రాన్సిస్కో మొత్తం కాగితాలు లేని ఊరు. ఆయనకు మిగిలిన ఆధారమల్లా ముఖ పరిచయం, ఆ మనిషి చేసే పని, ఇన్నాళ్లు నడిచిన నడత. ఆ బ్యాంకే 1930లో పేరు మార్చుకుని బ్యాంక్ ఆఫ్ అమెరికా అయింది.

జియానీని ఖాతాదారులను ఈ దేశంలో నీ చట్టబద్ధ హోదా ఏమిటని అడిగినవాళ్లు లేరు. 1920లలో కోటా చట్టాలు వచ్చేదాకా యూరప్ నుంచి ఓడ దిగినవాళ్లలో అత్యధికులకు ఆ ప్రశ్నే ఎదురుకాలేదు. అదే నగరంలో చైనీయులకు 1882 నుంచీ తలుపులు మూసి ఉన్నాయి. ఇక మనవాళ్ల సంగతి. పెషావర్ నుంచి 1915లో భార్యాపిల్లలతో వెళ్లి శాన్ ఫ్రాన్సిస్కోలో వ్యాపారం పెట్టుకున్న వైష్ణో దాస్ బగాయ్ అమెరికా పౌరసత్వం పొందారు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తేల్చాక ఆయన పౌరసత్వాన్ని వెనక్కి లాక్కున్నారు. దాంతో కాలిఫోర్నియా భూమి చట్టాల కింద ఆస్తి హక్కూ పోయింది. ఉన్నవి అమ్ముకున్నారు. 1928లో ప్రాణం తీసుకున్నారు. ఆయన మనిషిగా మారలేదు, వ్యాపారంలో నిజాయతీ మారలేదు. మారింది రాజ్యం ఆయన్ను ఏ గడిలో రాసుకుందన్నది మాత్రమే. హోదాను మనిషి గుణానికి కొలమానంగా పట్టుకుంటే ఏమవుతుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా స్పష్టమైన చరిత్ర కనిపించలేదు.

ఇప్పుడు చట్టం సంగతి. అమెరికాలో అనుమతి లేకుండా ఉంటున్న మనిషికి ఖాతా తెరవకూడదని, అప్పు ఇవ్వకూడదని ఫెడరల్ చట్టం ఏదీ చెప్పదు. మనలోనే కాదు, అమెరికన్లలో కూడా చాలామందికి ఇది తెలియదు. 2001 దాడుల తరువాత వచ్చిన పేట్రియాట్ చట్టం ఖాతాదారు ఎవరో రూఢి చేసుకోమంది. దాని కింద 2003లో ఖరారైన నిబంధనలు విదేశీ ప్రభుత్వం ఇచ్చిన ఫొటో గుర్తింపు పత్రాన్ని అంగీకరించడానికి బ్యాంకులకు వీలిచ్చాయి. మెక్సికో కాన్సులేట్లు 1871 నుంచి తమ పౌరులకు ఇస్తున్న మత్రికులా కార్డును వెల్స్ ఫార్గో బ్యాంకు 2001 నవంబరులో గుర్తింపుగా అంగీకరించడం మొదలుపెట్టింది. తరువాత వందలాది బ్యాంకులు అదే దారి పట్టాయి.

రెండో తాళంచెవి ఆదాయపన్ను శాఖ చేతిలో ఉంది. అక్కడ దాని పేరు ఐఆర్ఎస్. సోషల్ సెక్యూరిటీ నంబరుకు అర్హత లేకపోయినా సంపాదించే ప్రతి మనిషీ పన్ను కట్టాలి కాబట్టి, 1996లో ఆ శాఖ ఐటిన్ అనే తొమ్మిది అంకెల నంబరు ఇవ్వడం మొదలుపెట్టింది. అది ఎప్పుడూ 9తో మొదలవుతుంది. దరఖాస్తు పేరు డబ్ల్యూ-7. పోస్టులో దరఖాస్తు చేసుకుంటే పన్ను రిటర్నుతో పాటు, అసలు పాస్‌పోర్టునో, దాన్ని ఇచ్చిన ప్రభుత్వమే ధ్రువీకరించిన నకలునో టెక్సస్‌లోని ఆస్టిన్‌కు పంపాలి. ఏ క్షణాన ఎవరు తలుపు తడతారోనని బతికే మనిషి తన ఏకైక గుర్తింపు పత్రాన్ని కవర్లో పెట్టి అదే ప్రభుత్వానికి పోస్టు చేసి, అది తిరిగి వచ్చేదాకా వారాల తరబడి ఎదురుచూస్తాడు. మూడేళ్లు వరసగా రిటర్నుల్లో వాడకపోతే ఆ నంబరు చెల్లదని 2015 చట్టం పెట్టిన షరతు వల్ల కొందరు ఆ పని మళ్లీ చేయాలి. హోదా లేనివాళ్లు 2022లో అన్ని స్థాయిల్లో కలిపి 9,670 కోట్ల డాలర్ల పన్నులు కట్టారని వాషింగ్టన్‌లోని పన్ను విధాన సంస్థ ఐటీఈపీ లెక్క కట్టింది. వాళ్లలో చాలామంది సోషల్ సెక్యూరిటీకి కట్టే సొమ్ము తమకు ఎన్నటికీ పింఛనుగా తిరిగి రాదు. బాకీ తీర్చే అలవాటుకు ఇంతకన్నా రుజువు ఏ బ్యాంకరుకు కావాలి?

బ్యాంకు తలుపు మూసి ఉంటే ఏమవుతుందో నార్త్ కరోలైనాలోని డర్హమ్ నగరం చూపించింది. 1990ల చివర్లో అక్కడికి నిర్మాణ పనులకు మెక్సికో, మధ్య అమెరికాల నుంచి వేలమంది వచ్చారు. ఖాతాలు లేవు. వారం జీతం చెక్కును చెక్కులు మార్చే దుకాణంలో కమిషన్ ఇచ్చి మార్చుకుని, నోట్లు జేబులో పెట్టుకుని ఇంటికి నడిచేవారు. దొంగలకు జీతం రోజు తెలుసు. వీళ్లు పోలీసుల దగ్గరికి వెళ్లరన్న సంగతీ తెలుసు. ఈ కూలీలకు నడిచే ఏటీఎంలని పేరు పడింది. దోపిడీలు, దాడులు పెరిగి ఆ సమాజం వణికిపోయాక, 2000లో స్థానిక లాటినో సంఘం, సెల్ఫ్ హెల్ప్ అనే సంస్థ, ఆ రాష్ట్ర ఉద్యోగుల పరపతి సంఘం కలిసి లాటినో కమ్యూనిటీ క్రెడిట్ యూనియన్ పెట్టాయి. మన సహకార పరపతి సంఘం లాంటిదే. సభ్యులే యజమానులు. మొదట పొదుపు, తరువాత చిన్న అప్పు, ఆపైన కారు అప్పు, కొన్నేళ్లకు ఐటిన్ మీద ఇంటి అప్పు. ఆ క్రమం గమనించండి. మూడు నెలల్లో ప్లాస్టిక్ కార్డు చేతిలో పెట్టి 21 శాతం వడ్డీ వసూలు చేసే పద్ధతికీ, మెట్టు మెట్టుగా ఎక్కించే పద్ధతికీ చాలా దూరం ఉంది. నా ఓటు రెండోదానికి.

అధికారిక అప్పు దొరకనివాడు అప్పు మానేస్తాడని అనుకోవడం భ్రమ. కారు చెడిపోతే రేపు పనికి వెళ్లలేడు, పిల్లవాడికి జ్వరం వస్తే ఆగలేడు. జీతం వచ్చేదాకా ఇచ్చే చేబదులు దుకాణాల్లో రెండు వారాలకు నూరు డాలర్ల మీద 15 డాలర్లు తీసుకోవడం మామూలు. ఏడాది లెక్కన అది 390 శాతం. మన ఊళ్లలో నూటికి మూడు రూపాయల వడ్డీని నడ్డి విరిచే వడ్డీ అంటాం. అది ఏడాదికి 36 శాతం. పోల్చుకోండి.

శాన్ ఫ్రాన్సిస్కోలోని మిషన్ పేటలో ఇంకో మార్గం కనిపెట్టారు. అది మనకు బాగా తెలిసిన మార్గమే. మెక్సికన్లు టాండా అని చేసుకునేది మన చిట్టీకి దగ్గరి బంధువు. పదిమంది కలుస్తారు, నెలకు తలా నూరు డాలర్లు వేస్తారు, నెలకొకరు వెయ్యి తీసుకుంటారు. మన చిట్టీలో పాట ఉంటుంది, అవసరం ఎక్కువ ఉన్నవాడు తగ్గించి పాడుకుంటాడు. టాండాలో పాట లేదు, వంతులే. ఎక్కడైనా ఇరుసు మాత్రం ఒకటే: ఎత్తుకున్నాక కూడా చివరి నెల దాకా కడతాడన్న భరోసా. హోసే కినోనెస్ అనే ఆయన మిషన్ అసెట్ ఫండ్ పెట్టి, 2008 ప్రాంతంలో దీనికి ఒక చిన్న చేర్పు చేశారు. సభ్యులందరి చేతా ప్రామిసరీ నోటు రాయించి, ప్రతి నెలా ఎవరు ఎంత కట్టారో క్రెడిట్ బ్యూరోలకు పంపడం. అంతే. వడ్డీ లేదు. ఏళ్ల తరబడి ఎవరూ లెక్క రాయని నిజాయతీ ఒక స్కోరుగా మారింది. ఆ స్కోరుతో చేబదులు దుకాణం నుంచి బయటపడే దారి తెరుచుకుంది. కాలిఫోర్నియా శాసనసభ 2014లో ఇలాంటి వడ్డీలేని అప్పులను గుర్తిస్తూ చట్టం చేసింది. కినోనెస్ స్వయంగా బాల్యంలో కాగితాలు లేకుండా సరిహద్దు దాటి వచ్చినవారు. వాడవాడలా చిట్టీలు నడిచే రాష్ట్రాలు మనవి. ఏళ్లుగా తప్పకుండా చిట్టీ కట్టిన మన ఇల్లాలికి అది ఒక్క పాయింటు క్రెడిట్ స్కోరు కూడా తెచ్చిపెట్టలేదన్న సంగతి నన్ను ఎప్పటి నుంచో కలత పెడుతోంది.

ఇంటి అప్పు దగ్గర కాసేపు ఆగుతాను. ముప్పై ఏళ్ల అప్పు ఇచ్చే బ్యాంకు, కాగితం మీద ఎక్కడా రాయకుండానే ఒక మాట చెబుతోంది: ఈ మనిషి ముప్పై ఏళ్లు ఇక్కడే ఉంటాడు, పని చేస్తాడు, కడతాడు. రాజ్యం రేపు నిన్ను పంపేస్తానంటోంది. బ్యాంకు నీ రేపటి మీద డబ్బు పెడతానంటోంది. ఐటిన్ ఇంటి అప్పుకు మామూలుగా ఏమడుగుతారంటే: రెండేళ్ల పన్ను రిటర్నులు, ఏడాదికి తగ్గకుండా అద్దె కట్టిన రుజువులు, కరెంటు, ఫోను బిల్లులు, పనిచేసే చోటు నుంచి ఉత్తరం, ఇంటి ధరలో 10 నుంచి 20 శాతం, ఒక్కోచోట ఇంకా ఎక్కువ, ముందు చెల్లింపు. అద్దె రసీదులు తిప్పి చూసే ఈ పద్ధతిలో కిరాణా ఖాతా పుస్తకం తిరగేసిన ఆయన ప్రశ్నే నాకు వినిపిస్తుంది. ఇలా జాగ్రత్తగా ఇచ్చిన అప్పులు బాగానే తిరిగి వచ్చాయని వాటిని ఇచ్చినవాళ్లు పదే పదే చెబుతూ వచ్చారు.

మరి ఇవి ఎందుకు ఇంత తక్కువ? అమెరికాలో మామూలు బ్యాంకు ఇంటి అప్పు ఇచ్చాక చాలాసార్లు దాన్ని తన దగ్గర ఉంచుకోదు. ఫ్యానీ మే, ఫ్రెడీ మ్యాక్ అనే సంస్థలకు అమ్మేసి, వచ్చిన డబ్బుతో ఇంకొకరికి ఇస్తుంది. ఆ సంస్థలు చట్టబద్ధ నివాసం లేనివాళ్ల అప్పును కొనవు. కాబట్టి ఐటిన్ అప్పు ఇచ్చిన చిన్న బ్యాంకు దాన్ని చాలావరకు ముప్పై ఏళ్లూ తన పుస్తకాల్లోనే మోయాలి. డబ్బు ఇరుక్కుపోతుంది, నష్టభయం మొత్తం తనదే. అందుకు వడ్డీ పెంచుతుంది. ఒక లెక్క చెబుతాను. రెండు లక్షల డాలర్ల అప్పు ఆరున్నర శాతానికి తీసుకుంటే నెలకు 1,264 డాలర్లు. ఎనిమిదిన్నరకు తీసుకుంటే 1,538. నెలకు తేడా 274 డాలర్లే. ముప్పై ఏళ్లకు అది 98 వేలు దాటుతుంది. ఇద్దరు పొరుగువాళ్లు ఒకే రకం ఇల్లు కొని, ఒకే క్రమంలో కడుతుంటే, కాగితం లేనివాడు అదనంగా చెల్లించే సుంకం అది. అతని నడతలో లోపం వల్ల వచ్చిన భయానికి కట్టే ధర కాదిది. చట్టం పుట్టించిన భయానికి అతను కడుతున్న ధర. నా అభ్యంతరమంతా అక్కడే ఉంది.

షికాగోలో లిటిల్ విలేజ్ అనే మెక్సికన్ పేట ఉంది. అక్కడి సెకండ్ ఫెడరల్ సేవింగ్స్ బ్యాంకును 19వ శతాబ్దం చివర్లో చెక్ వలసదారులు తమవాళ్ల ఇళ్ల కోసం పెట్టుకున్నారు. పేటలో మనుషులు మారినా బ్యాంకు పని మారలేదు. ఐటిన్ మీద ఇంటి అప్పులు విస్తారంగా ఇచ్చింది. 2008 తరువాత ఇళ్ల ధరలు కూలినప్పుడు ఆ పేట బాగా దెబ్బతింది, 2012 జులైలో బ్యాంకు మూతపడింది. ఆ అప్పులు దయలేని కొనుగోలుదారు చేతిలో పడితే వీధి వీధంతా ఇళ్లు పోగొట్టుకునేది. డర్హమ్‌లో ఇందాక చూసిన సెల్ఫ్ హెల్ప్ సంస్థ ముందుకొచ్చి 2013లో శాఖలనూ అప్పులనూ తీసుకుని నడిపింది. లాభం కోసం పెట్టిన సంస్థ చేయగలిగిందానికీ, సభ్యుల కోసం పెట్టిన సంస్థ చేసేదానికీ తేడా కష్టకాలంలోనే బయటపడుతుంది.

అప్పు దొరకడం ఒక్కటే న్యాయం అనుకుంటే పొరపాటు. 2004 నుంచి 2008 దాకా కంట్రీవైడ్ అనే సంస్థ రెండు లక్షల మందికి పైగా నల్లజాతి, హిస్పానిక్ కుటుంబాల దగ్గర, అదే అర్హత ఉన్న తెల్లవారి కంటే ఎక్కువ రుసుములు, వడ్డీలు గుంజిందని న్యాయశాఖ ఆరోపించింది. 2011 డిసెంబరులో 33.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ డబ్బు కట్టింది 2008లో కంట్రీవైడ్‌ను కొనుక్కున్న బ్యాంక్ ఆఫ్ అమెరికాయే. రేవులో పీపాల మీద పలక వేసి మొదలైన ప్రయాణం అక్కడికి చేరింది. కాబట్టి 2007 నాటి కార్డును వ్యతిరేకించినవాళ్లతో నాకు ఏకీభావం లేదు, దాన్ని గొప్ప మేలుగా చెప్పినవాళ్లతోనూ లేదు. తలుపు తెరవాలి. తెరిచిన తలుపు దగ్గర నిలబెట్టి జేబు కోయకూడదు.

ఈ సభలో కొందరి మనసులో ఇప్పటికే మెదులుతున్న మాట నాకు తెలుసు. మా అబ్బాయి అన్ని నిబంధనలూ పాటించి, ఏళ్ల తరబడి గ్రీన్ కార్డు లైన్లో నిలబడ్డాడు, దొడ్డిదారిన వచ్చినవాడికి ఇంటి అప్పా అని. ఆ బాధ నిజమైనది. ఆ లైను అంత పొడవు కావడానికి కారణం మాత్రం వేరు. ఏ దేశానికీ ఏడాదికి 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితిని పట్టుకుని కూర్చున్న చట్టం అది. లిటిల్ విలేజ్‌లో ఒక వంటమనిషికి ఇల్లు దొరికితే మన పిల్లల వంతు ఒక్క రోజు కూడా వెనక్కి జరగదు. పైగా హోదా ఉండటానికీ లేకపోవడానికీ మధ్య గీత మనకు ఎంత దగ్గర్లో ఉందో చూడండి. హెచ్1బీ మీద ఉన్న ఇంజినీరు ఉద్యోగం పోతే అతనికి ఉండే గడువు 60 రోజులు. 2022, 2023ల్లో సాంకేతిక కంపెనీలు వేలాదిమందిని తీసేసినప్పుడు ఎన్ని తెలుగు ఇళ్లలో క్యాలెండరు ముందు పెట్టుకుని రోజులు లెక్కపెట్టారో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇంటి వాయిదా మాత్రం నెల మొదటి తారీఖున ఎప్పటిలాగే వచ్చి కూర్చుంటుంది. ప్రభుత్వ బీమాతో వచ్చే ఎఫ్‌హెచ్ఏ ఇంటి అప్పులకు హోదా లేనివాళ్లు ముందు నుంచే అర్హులు కారు. 2025 మే 25 నుంచి శాశ్వత నివాసం లేని మిగతా వలసదారులు, అంటే హెచ్1బీ వాళ్లు కూడా, అర్హులు కాకుండా పోయారు. నిన్నటిదాకా గీతకు ఇవతల ఉన్నవాళ్లు ఒక్క ఉత్తర్వుతో అవతలికి వెళ్లారు. వాళ్ల జీతం, వాళ్ల చెల్లింపుల చరిత్ర అంతకు ముందు రోజు ఎలా ఉన్నాయో ఆ రోజూ అలాగే ఉన్నాయి.

2023లో అమెరికాలో చట్టబద్ధ హోదా లేనివాళ్లు 1.4 కోట్లమంది ఉన్నారని ప్యూ పరిశోధన సంస్థ అంచనా. అందులో భారతీయులు లక్షల్లో ఉన్నారు. కొందరు అడవులు, సరిహద్దులు దాటి వచ్చారు. ఎందరో వీసా మీద దర్జాగా విమానం దిగి, తరువాత స్టేటస్ పోగొట్టుకున్నారు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ అనే బూటకపు యూనివర్సిటీ బండారం బయటపడినప్పుడు మన పిల్లల కాళ్లకు నిఘా పట్టీలు కట్టిన ఫొటోలు చూశాం. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో వలపన్నింది అధికారులే. పట్టుబడ్డవారిలో తెలుగు విద్యార్థులు చాలామంది. వాళ్ల విద్యార్థి హోదా రద్దయింది. ఊళ్లో వాళ్ల నాన్న ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న చదువు అప్పు రద్దు కాలేదు.

మళ్లీ ఐటిన్ దగ్గరికి వద్దాం. 2025 ఏప్రిల్‌లో ఐఆర్ఎస్, వలస అమలు విభాగమైన ఐసీఈతో ఒక ఒప్పందం చేసుకుంది. పన్ను కట్టేవాళ్ల వివరాలు గోప్యమన్న దశాబ్దాల హామీని పక్కన పెట్టి, దేశం విడిచి వెళ్లాలని ఉత్తర్వులున్నవాళ్ల చిరునామాలు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ శాఖకు తాత్కాలిక అధిపతిగా ఉన్న అధికారిణి పదవి విడిచి వెళ్లారు. వేల చిరునామాలు చేతులు మారాయి, కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి. ఐటిన్ అప్పుల వ్యవస్థ మొత్తం నిలబడ్డ నేల ఆ గోప్యత. పన్ను కట్టిన రసీదే ఇంటి అప్పుకు ఆధారం. ఆ రసీదే ఇంటి తలుపుకు దారి చూపిస్తుందంటే పన్ను ఎవరు కడతారు? అక్కడి న్యాయ సహాయ సంఘాలు కుటుంబాలకు ఇప్పుడు చెబుతున్న జాగ్రత్తల్లో ఒకటి, బ్యాంకు ఖాతా నడపడానికి, ఇంటి వాయిదా కట్టడానికి నమ్మకమైన మనిషి పేరున పవర్ ఆఫ్ అటార్నీ రాసి పెట్టుకోమని. పనికి వెళ్లిన మనిషి సాయంత్రం తిరిగి రాకపోయినా అప్పు తీరుతూ ఉండాలని బాకీదారే ముందుగా ఏర్పాటు చేస్తున్నాడు. ఎగవేతదారులు చేసే పని కాదది.

చివరగా, ముందు వరసల్లో కూర్చున్న బ్యాంకు అధికారులకు ఒక విజ్ఞప్తి. మన జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల నుంచి గల్ఫ్ వెళ్లి, యజమాని జీతం ఎగ్గొడితే పని వదిలి, అనుమతి లేకుండా మిగిలిపోయినవాళ్లను ఖల్లివెల్లి అంటారు. యూఏఈ 2018లో, మళ్లీ 2024లో, కువైట్ 2018, 2020, 2024ల్లో క్షమాభిక్ష ప్రకటించినప్పుడు బయటపడి ఇంటికి వచ్చినవాళ్లలో వాళ్లున్నారు. ఏజెంటుకు కట్టడానికి నూటికి రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు వాళ్ల కంటే ముందే ఇంట్లో కూర్చుని ఉంటుంది. అక్కడి బ్యాంకులు వాళ్లను ఏం చేయాలో మనం నిర్ణయించలేం. ఇక్కడ మన చేతిలో రెండు పనులున్నాయి. విదేశంలో హోదా పోయి తిరిగి వచ్చిన విద్యార్థి చదువు అప్పును, అతను ఎగ్గొట్టేదాకా ఆగి మొండి బాకీల్లో రాసే బదులు, వచ్చిన నెలలోనే పిలిచి గడువు పొడిగించి మళ్లీ రాసుకోండి. గల్ఫ్ నుంచి వచ్చినవాడి షావుకారు అప్పును బ్యాంకు అప్పుగా మార్చడానికి, అతను ఏళ్ల తరబడి ఇంటికి పంపిన డబ్బు వివరాలను అర్హతగా తీసుకోండి. ఖల్లివెల్లి అయ్యాక హుండీలో వచ్చిన డబ్బుకు రసీదు ఉండదు. దాన్ని తీసుకున్న ఆ ఇంటి ఆడవాళ్లు ఏ నెలలో షావుకారుకు ఎంత కట్టారో చెప్పగలరు. షావుకారు పుస్తకంలో జమ కూడా రాసి ఉంటుంది. అది తెప్పించి చూడండి.